బయానా నుంచి రిజిస్ట్రేషను దాకా: స్థిరాస్తి మధ్యవర్తి ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి

పాలకొల్లులో స్థిరాస్తి మధ్యవర్తుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం

సభలోని పెద్దలకు, తోటివారికి నమస్కారం.

నన్ను పిలిచినవారు ‘ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో చెప్పండి’ అని అడిగారు. ఒక పేరు చెప్పి కూర్చోవడం తేలికే. కానీ భీమవరంలో చెరువుల లీజులు కుదిర్చే ఆఫీసుకు, రాజమహేంద్రవరంలో అపార్టుమెంట్లు అమ్మే ఆఫీసుకు, అమలాపురం చుట్టుపక్కల కొబ్బరి తోటల బేరాలు చూసుకునే ఒంటరి మనిషికి ఒకటే సరుకు సరిపోదు. అందుకని పేరుకన్నా ముందు, ఎంచుకునేటప్పుడు దేన్ని పట్టి చూడాలో మాట్లాడతాను.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తున్నాను. సాఫ్ట్‌వేర్ అమ్మడానికి మన ఆఫీసుకు వచ్చేవారు ముందుగా చూపించేది కొత్త పార్టీలను ఎలా పట్టుకోవాలో. ఎన్ని ఫోన్లు వచ్చాయి, ఎంతమందికి వాట్సాప్‌లో సైటు ఫోటోలు వెళ్లాయి, ఎవరికి తిరిగి ఫోను చేయాలి, ఇవన్నీ రంగురంగుల బొమ్మల్లో చూపిస్తారు. అది అక్కరకు రాదని నేను అనను. కానీ మన ఊళ్లలో మధ్యవర్తి పేరు నిలిచేదీ, పోయేదీ అక్కడ కాదు. బయానా చేతులు మారిన రోజు నుంచి రిజిస్ట్రేషను పూర్తయ్యే రోజు వరకు ఒక కాలం ఉంటుంది చూడండి, తగాదాలన్నీ పుట్టేది అందులోనే. ఆ కాలాన్ని కాపాడలేని సాఫ్ట్‌వేర్ మిగతా విషయాల్లో ఎంత బాగున్నా మనకు వద్దు.

ఒక బేరం ఊహించుకుందాం. ఇక్కడికి దగ్గర్లో ఒక ఎకరం పొలం. యజమాని కాలం చేశారు. ముగ్గురు వారసులు. పెద్దవాడు ఊళ్లో ఉంటాడు, అమ్మాయిని హైదరాబాదు ఇచ్చారు, చిన్నవాడు అమెరికాలో స్థిరపడ్డాడు. పొలం కౌలుకు ఉంది, కౌలు రైతు దాళ్వా, అంటే రెండో పంట, వేశాడు. కొనేది భార్యాభర్తలు, ఇద్దరి పేర్ల మీదా కావాలంటున్నారు. మధ్యలో మీరు, ఊళ్లో ఈ పొలం ఉందని మీకు చెప్పిన పెద్దమనిషి, కొనేవారిని తెచ్చిన తణుకు మధ్యవర్తి. ఇందులో వింత ఏమీ లేదు, మన డెల్టాలో నూటికి తొంభై బేరాల తీరు ఇంచుమించు ఇలాగే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ అమ్మే మనిషి వచ్చినప్పుడు అతను తెచ్చిన నమూనా బేరాన్ని చూడకండి. ఈ బేరాన్ని అతని ముందు పెట్టి, దీన్ని ఇందులో ఎక్కించి చూపించు బాబూ అనండి.

మొదట ఆగిపోయేది పేర్ల దగ్గర. చాలా సాఫ్ట్‌వేర్లలో ఒక బేరానికి ఒక అమ్మకందారు, ఒక కొనుగోలుదారు మాత్రమే పడతారు. మనకు ముగ్గురు అమ్మకందారులు కావాలి, ఒక్కొక్కరి వాటా విడిగా కనపడాలి, ఎవరి ఆధారు వచ్చింది, ఎవరి పాన్ రాలేదు తెలియాలి. ఇంకొకటి, వాళ్ల ఫారాల్లో ముందు పేరు, చివర ఇంటిపేరు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, దస్తావేజులో తండ్రి పేరో భర్త పేరో తప్పనిసరి. అన్నవరం దేవుడి పేరు పెట్టుకున్న సత్యనారాయణలు ఒక్కో ఊళ్లో ఎంతమంది ఉంటారో మీకు తెలుసు. ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు మూడూ కలిపి వెతికే వీలు లేకపోతే, ఒకరి కాగితాలు ఇంకొకరి ఫైల్లో చేరతాయి. ఇది చిన్న విషయంగా కనపడుతుంది. ఒకసారి తప్పు మనిషికి తప్పు కాగితం వెళ్లాక చిన్నది కాదు.

చిన్నవాడు అమెరికాలో ఉన్నాడన్న సంగతి సాఫ్ట్‌వేర్‌లో ఒక గడిగా ఉండాలి, గుర్తుగా మీ బుర్రలో ఉంటే చాలదు. ఎందుకంటే ఆ ఒక్క సంగతి మీద చాలా ఆధారపడి ఉంటాయి. అతను పవరాఫ్ అటార్నీ పంపిస్తే అది అక్కడి భారత కాన్సులేటు ధ్రువీకరణతోనో, అపోస్టిల్ అనే అక్కడి ప్రభుత్వ ముద్రతోనో రావాలి, మన దేశానికి చేరాక మూడు నెలల్లోగా ఇక్కడ స్టాంపు వేయించాలి. టీడీఎస్, అంటే సొమ్ము ఇచ్చేటప్పుడే కోసే పన్ను, కూడా మారిపోతుంది. ఇక్కడ ఉండే అమ్మకందారుకు సొమ్ము ఇచ్చేటప్పుడు, ఆస్తి విలువ 50 లక్షలు, ఆ పైన ఉంటే కొనేవారు 1 శాతం టీడీఎస్ కోసి కట్టాలి. గ్రామీణ వ్యవసాయ భూమికి ఇది వర్తించదు. విదేశంలో స్థిరపడినవారికి ఈ 1 శాతం లెక్క చెల్లదు, వేరే నిబంధన, వేరే రేటు. ఇంకో సంగతి చాలామంది గమనించలేదు. 2024 అక్టోబరు నుంచి ఆ 50 లక్షల హద్దును ఒక్కొక్కరి వాటాకు విడిగా కాక, అమ్మేవారందరికీ ఇచ్చే మొత్తం సొమ్ము మీద చూస్తారు. అన్నదమ్ములు వాటాలు కలిపి ఊళ్లో ఇంటి స్థలం అమ్మే బేరాలు మన దగ్గర ఎన్నో. వాటాలను విడిగా చూపిస్తూ మొత్తాన్ని తనే కూడి, ‘ఇక్కడ టీడీఎస్ ఉంది, ఆడిటరును అడగండి’ అని హెచ్చరించే సాఫ్ట్‌వేర్ అయితే సగం బరువు దిగినట్టే.

తర్వాత భూమి గుర్తింపు. అపార్టుమెంటుకైతే ఫ్లాటు నంబరు, అంతస్తు చాలు. పొలానికి సర్వే నంబరు, సబ్‌డివిజను, నాలుగు హద్దులు, పాస్‌బుక్ ఖాతా నంబరు కావాలి. రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. అంటే ఊరి భూమి రికార్డు అయిన అడంగల్‌లో ఒక నంబరు, మీ చేతిలో ఉన్న పాత లింకు దస్తావేజులో ఇంకో నంబరు. పైగా 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి. అమలాపురం పాత దస్తావేజు తూర్పు గోదావరి జిల్లా అంటుంది, ఇప్పుడది కోనసీమ జిల్లా. పాతదీ కొత్తదీ రెండూ రాసుకునే చోటు ఉండాలి, ఏది కొట్టి వెతికినా అదే ఫైలు రావాలి. మీ అంతట మీరు కొత్త గడులు చేర్చుకోనివ్వని సాఫ్ట్‌వేర్‌ను ఇక్కడే పక్కన పెట్టేయవచ్చు.

కొలతల మాట. బయటి నుంచి వచ్చే సాఫ్ట్‌వేర్‌కు చదరపు అడుగు ఒక్కటే తెలుసు. మనకు ఎకరం, సెంటు, గజం; కొన్ని ఊళ్లలో ఇంకా కుంచాల లెక్క. సెంటుకు 48.4 చదరపు గజాలు, ఎకరానికి 4,840. సెంటుకు 48 అని ఉజ్జాయింపు లెక్క వేసిన సాఫ్ట్‌వేర్‌లో ఎకరం 4,800 గజాలే అవుతుంది. గజం పది వేలున్న చోట ఆ తేడా నాలుగు లక్షలు. అందుకని విస్తీర్ణానికి మూడు అంకెలు రాసుకునే వీలుండాలని నేను పట్టుబడతాను: దస్తావేజులో ఉన్నది, కొలిస్తే వచ్చినది, బేరం దేని మీద కుదిరిందో అది. ఈ మూడూ ఒకటే అని ఎవరైనా అంటే, వారు మన కాలువ గట్ల పక్కన పొలం ఎప్పుడూ కొలిపించి ఉండరు.

ఇక గడువులు. అగ్రిమెంటు గడువు ఒకటి. క్రయ దస్తావేజు మీద సంతకాలయ్యాక నాలుగు నెలల్లోగా రిజిస్ట్రేషనుకు దాఖలు చేయాలన్నది 1908 నాటి రిజిస్ట్రేషను చట్టంలోని గడువు, అది ఇంకొకటి. దాళ్వా కోత అయ్యాక పొలం స్వాధీనం చేస్తామని కౌలు రైతుతో కుదిరిన మాట మూడోది, అది ఏ చట్టంలోనూ రాసి లేకపోయినా తగాదా మాత్రం దాని మీదే వస్తుంది. శూన్యమాసంలో రిజిస్ట్రేషను వద్దంటారు, సంక్రాంతికి పిల్లలు ఊరికి వచ్చినప్పుడు పెట్టుకుందాం అంటారు. ఇవన్నీ నవ్వేసి వదిలేసే మాటలు కావు, బేరం నడిచే తీరే అది. గుర్తు చేసే తేదీని మీరు ఇష్టమొచ్చినట్టు పెట్టుకోగలగాలి, ఆ తేదీ ఎందుకు మారిందో పక్కన ఒక వాక్యం రాసుకోగలగాలి. తేదీ ఒక్కటే ఉండి కారణం లేకపోతే, మూడు నెలల తర్వాత ఆ వాయిదా ఎవరి మాట మీద పడిందో మీకే గుర్తుండదు.

సొమ్ము దగ్గర కాసేపు ఆగుతాను. స్థిరాస్తి బేరంలో 20,000 రూపాయలు, ఆ పైన అడ్వాన్సును నగదుగా తీసుకోకూడదన్న నిబంధన 2015 జూన్ నుంచి ఉంది. మీరు అమ్మేవారు కాదు, కొనేవారు కాదు. కానీ సొమ్ము మీ బల్ల మీద చేతులు మారుతుంది. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారు, చెక్కా, బ్యాంకు బదిలీయా, నంబరు ఎంత, రసీదు ఫోటో ఉందా, ఇవన్నీ అదే రోజు ఎక్కించాలి. ఒకసారి ఎక్కించిన అంకెను తర్వాత ఎవరైనా దిద్దితే, ఎవరు ఎప్పుడు దిద్దారో, ముందున్న అంకె ఏమిటో సాఫ్ట్‌వేర్ దాచి ఉంచాలి. ఎక్సెల్ కాగితానికీ మంచి లావాదేవీల సాఫ్ట్‌వేర్‌కూ నాకు కనపడే అసలు తేడా ఇదే. అమ్మిన పొలం తాలూకు సొమ్ముతో కూతురి పెళ్లో, ఆసుపత్రి ఖర్చో గట్టెక్కాలని చూసే మనుషులు మన ముందు కూర్చుంటారు. వాళ్ల బయానా లెక్కలో అనుమానానికి చోటు ఉండకూడదు.

అమెరికాలో ఈ పనికోసం ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. డాట్‌లూప్, స్కైస్లోప్ వంటివి. డాట్‌లూప్‌ను 2015లో జిల్లో అనే పెద్ద స్థిరాస్తి సంస్థ కొనేసింది. వాటి పద్ధతి చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. ఒక్కో బేరానికి ఒక్కో ఫైలు, అందులో రావలసిన కాగితాల పట్టీ, ఏ కాగితం ఎవరు ఎప్పుడు చేర్చారో చరిత్ర, ఆఫీసు పెద్ద ఒకసారి చూసి సరేనన్నాకే తర్వాతి మెట్టు. ఈ అలవాటును మనం కళ్లకద్దుకుని తీసుకోవాలి. కానీ ఆ సాఫ్ట్‌వేర్‌ను యథాతథంగా తెచ్చుకుంటే పని జరగదు. అక్కడ మధ్యవర్తులందరూ ఆస్తుల వివరాలు పంచుకునే ఎంఎల్ఎస్ అనే ఉమ్మడి జాబితాలు ఉంటాయి, ముద్రించిన ప్రామాణిక ఫారాలు ఉంటాయి, సొమ్మును ఎస్క్రో పేరుతో మూడో పక్షం పట్టి ఉంచుతుంది. హక్కు పత్రాల పరిశీలనకు, బీమాకు వేరే కంపెనీలు ఉంటాయి. ఇక్కడ ఆ జాబితా లేదు, సొమ్ము నేరుగా వెళ్తుంది, ఆస్తి మీద నమోదైన పాత లావాదేవీలు చూపే ఈసీ తీసి చదివేది మన ప్లీడరు. ఫోనులో సంతకం పెట్టించే సదుపాయం వాళ్లకు పెద్ద ఆకర్షణ. మన క్రయ దస్తావేజుకు సబ్‌రిజిస్ట్రార్ ముందు మనిషి నిలబడాలి, వేలిముద్ర పడాలి, సాక్షులు ఉండాలి. ఆ సదుపాయానికి నెలనెలా డాలర్లలో డబ్బు కట్టడం అనవసరం.

కాబట్టి పద్ధతి వాళ్లది, పట్టీ మనది కావాలి. పొలానికి ఒక పట్టీ: ఈసీ, లింకు దస్తావేజులు, అడంగల్, ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే వన్-బి, పాస్‌బుక్, వారసుల ధ్రువపత్రం, కౌలు వివరం, రిజిస్ట్రేషను చేయకూడని ఆస్తుల 22-ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో చూసిన తేదీ. ఈ చివరిది తప్పకుండా పెట్టుకోండి. దేవాదాయ భూములు, ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములు, నది మధ్యలోని లంక భూములు మన చుట్టూ విస్తారంగా ఉన్నాయి. అసైన్డ్ భూమి చేతులు మారకూడదని 1977లో చట్టం వచ్చింది. లేఅవుట్ ప్లాటుకు వేరే పట్టీ, చెరువు లీజుకు మరొకటి. ప్రభుత్వ రుసుములు కూడా మీరే మార్చుకునేలా ఉండాలి. ఇప్పుడు క్రయానికి స్టాంపు సుంకం 5, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషను రుసుము 1, కలిపి ఏడున్నర శాతం అంటున్నాం. రేపు అది మారితే కంపెనీవాళ్లు వచ్చి దిద్దేదాకా మనం ఆగకూడదు.

ఇక రెరా, అంటే స్థిరాస్తి నియంత్రణ చట్టం మాట. 2016 నాటి ఈ చట్టం ప్రకారం నమోదు చేయవలసిన లేఅవుట్లలో, అపార్టుమెంట్లలో అమ్మకాలు కుదిర్చే ఏజెంటు తనూ నమోదు కావాలి. కుదిర్చిన ప్రతి అమ్మకంలోనూ తన నమోదు సంఖ్య చూపించాలి. లెక్కల పుస్తకాలు, రికార్డులు, పత్రాలు భద్రపరచాలి. నమోదు కాని ప్రాజెక్టులో ప్లాటు అమ్మించకూడదు. తప్పితే రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆస్తి ఖరీదులో 5 శాతం దాకా జరిమానా పడవచ్చు. అందుకని సాఫ్ట్‌వేర్‌లోంచి వెళ్లే ప్రతి కాగితం మీద మీ నంబరు దానంతటదే పడాలి. ప్రాజెక్టు రెరా నంబరు గడి ఖాళీగా ఉంటే ఆ బేరం ముందుకు కదలకుండా ఆపేయాలి. అలా ఆపగలిగేలా అమర్చి చూపించమని అడగండి. ఎర్ర రంగులో హెచ్చరిక చూపించి ఊరుకుంటే చాలదు, హడావిడిలో ఉన్న కుర్రాడు ఎర్ర రంగును చూడడు.

కమీషను లెక్క గురించి తొందరగా చెబుతాను. ఇందాకటి బేరంలో ముగ్గురు పంచుకునేవారున్నారు, రెండు వైపుల నుంచీ వస్తుంది. ఎంతమందికైనా వాటా వేయగలగాలి. లేఅవుట్ కంపెనీలు మీకిచ్చే కమీషనులో టీడీఎస్ కోసుకుని ఇస్తాయి, 2024 అక్టోబరు నుంచి అది 2 శాతం. ఏడాదికి మీ రాబడి 20 లక్షలు దాటితే జీఎస్‌టీ, 18 శాతం. వీటి లెక్క మీ ఆడిటరు వాడే ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లోకి నేరుగా వెళ్తుందా అని అడగండి, వెళ్లకపోతే కనీసం ఎక్సెల్‌గా దిగుతుందా చూడండి. అంతే.

ఇప్పుడు నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైన విషయం. మన ఫోన్లలో ఊరందరి ఆధారు కార్డులు ఉన్నాయి. పాన్‌లు, పాస్‌బుక్ ఫోటోలు, బ్యాంకు చెక్కులు, ఏ ఇంట్లో వాటాల తగువు ఉందో ఆ ముచ్చట కూడా. నమ్మి ఇచ్చారు. వాటిని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతున్నాం, ఉద్యోగం మానేసిన కుర్రాడి ఫోనులోనూ అవే ఉన్నాయి. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఒకరి వివరాలు ఏ పనికోసం తీసుకున్నామో ఆ పనికే వాడాలని, వాటిని దిద్దమని, తీసేయమని అడిగే హక్కు వారికి ఉందని ఆ చట్టం సారం. చట్టం లేకపోయినా మనం చేయవలసిందే. సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు అడగండి: ఆఫీసులో ఎవరు ఏది చూడవచ్చో విడివిడిగా పెట్టవచ్చా? ఒక మనిషి మానేసిన సాయంత్రమే అతని ప్రవేశం ఆపవచ్చా? ఆధారు నంబరులో చివరి నాలుగు అంకెలే కనపడేలా దాచవచ్చా? సరైన సమాధానం రాకపోతే ధర ఎంత తక్కువైనా వద్దనండి.

దానికి తోడు ఇంకో ప్రశ్న, నేను మొదటి రోజే అడగమంటాను. మేము మీ సాఫ్ట్‌వేర్ మానేస్తే మా వివరాలు, మేము ఎక్కించిన కాగితాలు అన్నీ మాకు ఏ రూపంలో ఇస్తారు? అన్నీ ఎక్సెల్‌గా, పీడీఎఫ్‌లుగా, బేరం వారీ ఫోల్డర్లుగా ఇస్తామంటే మంచిది. మాటతో సరిపెట్టుకోకుండా అప్పుడే ఒకసారి దించి చూపించమనండి. పేర్ల పట్టీ మాత్రమే దిగి, దస్తావేజుల ఫోటోలు దిగకపోవడం చాలాచోట్ల ఉంది. 1986 వరద, 1996 నవంబరు తుపాను చూసిన ఊళ్లు మనవి, కాగితం నీళ్లలో ఏమవుతుందో ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. అందుకే ఫోటోలు తీసి పైన, అంటే క్లౌడ్‌లో, దాచుకుంటున్నాం. ఆ పైనున్నది కూడా మన చేతికి అందకుండా పోతే ఇంత శ్రమ ఎందుకు?

తెలుగు సంగతి. రాసేది యూనికోడ్‌లో, అంటే ఏ కంప్యూటరైనా చదవగలిగే అక్షరాల పద్ధతిలో, ఉండాలి. డీటీపీ కేంద్రాల్లో పాత ఫాంట్లలో కొట్టిన అగ్రిమెంట్లను అలాగే ఎక్కిస్తే అవి వెతికినా దొరకవు. ‘పాలకొల్లు’ అని తెలుగులో కొడితే ఫైలు వస్తుందా, ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే వస్తుందా, రెండూ మీ ముందే కొట్టించి చూడండి. లంక గ్రామాల్లో సిగ్నలు అందని చోట ఫోనులో రాసుకుని, ఊళ్లోకి వచ్చాక దానంతటది చేరేలా ఉందో లేదో అక్కడికే వెళ్లి చూడండి.

ధర గురించి ఎక్కువ చెప్పను. తలకింత నెలకింత అనేవాటిలో, బేరాలు లేని ఆషాఢంలో కూడా కట్టాల్సిందే అని గుర్తుంచుకోండి. జోహో వంటి మన దేశపు కంపెనీల సాఫ్ట్‌వేర్‌ను గడులు మార్చుకుని మన పనికి తగినట్టు అమర్చుకోవచ్చు, దానికి అమర్చి ఇచ్చే మనిషి కావాలి, అతని కూలి కూడా ధరలో కలపండి. స్థిరాస్తి కోసమే చేసినవి బిల్డర్లను దృష్టిలో పెట్టుకుని చేసినవి ఎక్కువ. ఒకే లేఅవుట్‌లో వందల ప్లాట్లు అమ్మేవారికి బాగుంటాయి, పాత ఆస్తుల బేరాలకు ఇరుకుగా ఉంటాయి.

కొనేముందు ఒక నడుస్తున్న బేరాన్ని, ఒక ముగిసిన బేరాన్ని అందులో మొదటి నుంచి చివరి దాకా ఎక్కించండి. ముగిసినదాన్ని ఎందుకంటే, అందులో ఏమేం చిక్కులు వచ్చాయో మీకు తెలుసు కనుక, ఆ చిక్కులన్నిటికీ ఇందులో చోటుందో లేదో తేలిపోతుంది. ఎక్కించేది మీరు కాదు, రోజూ వాడబోయే అమ్మాయో అబ్బాయో ఎక్కించాలి. వాళ్ల ముఖం చూస్తే మీకు సగం సమాధానం దొరుకుతుంది.

ఇక ప్రశ్నలు అడగండి.

(సభలోంచి ఒకరు: నేను ఒక్కడినే అండీ, ఏడాదికి పది బేరాలు చేస్తాను. నాకు ఇదంతా కావాలా?)

అక్కర్లేదు తమ్ముడూ. నీకు బేరానికొక ఫోల్డరు, ఒక ఎక్సెల్ పట్టీ, ఫోను క్యాలెండరులో గడువులు, సొమ్ముకు ఒక రసీదు పుస్తకం చాలు. ఫోల్డరు పేరు మాత్రం ఊరు, సర్వే నంబరు, ఇంటిపేరు వరసలో పెట్టు, ఎప్పటికీ ఆ వరస మార్చకు. రేపు నలుగురు మనుషులు చేరి సాఫ్ట్‌వేర్ కొంటే, ఆ ఫోల్డర్లు ఉన్నవి ఉన్నట్టు అందులోకి వెళ్తాయి.

(ఇంకొకరు: పాత ఫైళ్లన్నీ ఎక్కించాలా అండీ? బీరువా నిండా ఉన్నాయి.)

అన్నీ ఒక్కసారి వద్దమ్మా, పని ఆగిపోతుంది. రిజిస్ట్రేషను కానివి ముందు ఎక్కించండి. తర్వాత లీజు గడువు ఇంకా మిగిలి ఉన్న చెరువులు. మిగతావి, ఆ ఆస్తి మళ్లీ బేరానికి వచ్చిన రోజు ఎక్కిస్తే చాలు. అప్పటిదాకా బీరువాలో ఏ అరలో ఏ ఊరి కాగితాలు ఉన్నాయో ఒక పట్టీ రాసి, అది సాఫ్ట్‌వేర్‌లో పెట్టండి.